టిగ్ మిషన్‌లో ఫుట్ పెడల్, ఆంప్స్ అంకె: దేని మాట ఎప్పుడు వినాలి

"కొత్త మిషనండి. ప్యానెల్ మీద 120 పెట్టాను. పెడల్ సగమే తొక్కుతున్నాను, అంకె మాత్రం 120 దగ్గరే నిలబడింది. పెడల్ పాడైందంటారా?"

భీమవరం, పాలకొల్లు, అమలాపురం వైపు షాపుల్లో టిగ్ (ఆర్గాన్) వెల్డింగ్ కొత్తగా మొదలుపెట్టినవాళ్లు అడిగే ప్రశ్న ఇది. దీనికి ఎదురు ప్రశ్న కూడా ఉంది: "120 పెట్టాను, తొక్కగానే 10కి పడిపోయింది, ఇదేం మిషన్?" నూటికి తొంభై పాళ్లు రెండు మిషన్లూ బాగానే ఉంటాయి. ఒకటి మీరు పెట్టిన హద్దు చూపిస్తోంది, రెండోది ఆ క్షణాన పారుతున్న కరెంటు చూపిస్తోంది. ఏ మిషన్ ఏది చూపిస్తుందో తెలియకపోతే 1.2 మి.మీ. ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) షీటుకి చిల్లు పడేది అక్కడే.

రాడ్డు వెల్డింగ్ నుంచి వచ్చినవారికి ఈ తికమక సహజం. అక్కడ నాబ్ తిప్పి 100 పెడితే రాడ్డు అయిపోయేదాకా 100 కిందే లెక్క. పెడల్ ఉన్న టిగ్‌లో అలా కాదు. రొయ్యల ప్లాంటు టేబుల్ అయినా, హోటల్ సింకు అయినా, ఒకే అతుకు మీద మొదట్లో ఒక కరెంటు, మధ్యలో ఇంకోటి, చివర మరోటి ఉంటాయి. వాటిని మార్చేది మీ కాలు.

పెడల్ లోపల ఉన్నవి రెండే

ప్లగ్ మిషన్‌లోంచి తీసేశాక పెడల్‌ని తిరగేసి అడుగు స్క్రూలు విప్పండి. లోపల ముఖ్యమైన వస్తువులు రెండు కనిపిస్తాయి. ఒకటి మైక్రో స్విచ్. పెడల్ కొద్దిగా దిగగానే టక్కుమని మూసుకుంటుంది. టార్చి (చేత్తో పట్టుకుని వెల్డింగ్ చేసే పిడి) మీది బటన్ చేసే పనే ఇదీ చేస్తుంది: గ్యాస్ వదలమని, ఆర్క్ వెలిగించమని మిషన్‌కి చెబుతుంది. రెండోది పొటెన్షియోమీటర్. పాత రేడియోలో వాల్యూమ్ నాబ్ వెనక ఉండేది ఇదే. పెడల్ దిగుతుంటే పళ్ల పట్టీ ఒకటి చిన్న పళ్ల చక్రాన్ని తిప్పుతుంది, దాంతోపాటు పొటెన్షియోమీటర్ తిరుగుతుంది. కొన్ని పెడళ్లలో పళ్ల బదులు లివరు ఉంటుంది. పని మాత్రం ఒకటే: కాలు ఎంత దిగిందో మిషన్‌కి చెప్పడం.

పెడల్ తొక్కడమంటే ఒకదాని వెనక ఒకటి జరిగే రెండు పనులని గుర్తుపెట్టుకుంటే చాలా తిప్పలు తప్పుతాయి. మొదటి అర అంగుళంలో స్విచ్, ఆ తరువాత అంతా కరెంటు. ప్లగ్ పెట్టకుండానే పెడల్‌ని చేత్తో మెల్లగా నొక్కుతూ ఆ టక్ ఎక్కడ వినిపిస్తుందో చూసుకోండి. వెనక్కి వదిలేటప్పుడు ఎక్కడ వినిపిస్తుందో కూడా చూడండి, రెండూ ఒకే చోట ఉండవు. అతుకు చివర ఆ రెండో టక్ దాకా కాలు ఎత్తితేనే ఆర్క్ ఆరి పోస్ట్ ఫ్లో (ఆర్క్ ఆరాక కొన్ని సెకన్లు వచ్చే గ్యాస్) మొదలవుతుంది. ఆర్క్ ఆరకుండానే టార్చి పైకి లాగేసేవాళ్లు ఈ సంగతి తెలియకే లాగుతారు.

ప్యానెల్ మీద మీరు పెట్టేది హద్దు

చాలా మిషన్లలో పెడల్ పెట్టినప్పుడు ప్యానెల్ నాబ్ పెట్టేది కరెంటుకి పైహద్దు. కాలవకి లాకుల దగ్గర ఎంత వదిలారన్నది ప్యానెల్ నాబ్ అనుకోండి, చేలోకి తూము ఎంత ఎత్తారన్నది పెడల్. తూము పూర్తిగా ఎత్తినా కాలవలో ఉన్నంతే వస్తుంది. కాలవ నిండా ఉన్నా తూము మూసుంటే చుక్క దిగదు. ప్యానెల్ మీద 80 పెడితే పెడల్ అడుగంటా తొక్కినా 80 దాటదు. పూర్తిగా తొక్కకపోతే అంతకు తక్కువే.

అన్ని మిషన్లూ ఇలాగే ఉంటాయనుకోకండి. కొన్నిటిలో పెడల్ ప్లగ్ పెట్టగానే ప్యానెల్ మీది కరెంటు నాబ్ పనిచేయడం మానేస్తుంది. అలాంటి పెడల్ పక్కన ఇంకో చిన్న నాబ్ ఉంటుంది, హద్దు పెట్టాల్సింది దానితోనే. ఈ సంగతి తెలియక ప్యానెల్ నాబ్‌ని అటూ ఇటూ తిప్పి విసిగిపోతారు. మరికొన్ని మిషన్లలో హద్దు పెట్టే వీలే లేదు, పెడల్ పూర్తిగా తొక్కితే మిషన్ ఇవ్వగలిగిన 200 ఆంప్సూ వచ్చేస్తాయి. పలుచని షీటు పనికి ఇలాంటి పెడల్ కొనొద్దనే నా మాట. కాలు పావు అంగుళం జారితే ఇరవై ముప్పై ఆంప్స్ తేడా వస్తుంది, ఆ తేడాకి 18 గేజి షీటు నిలవదు.

కింది హద్దు గురించి కూడా ఒక మాట. స్విచ్ టక్కుమన్న చోట కరెంటు సున్నా కాదు. చాలా ఇన్వర్టర్ మిషన్లకి డీసీలో 5 లేదా 10 ఆంప్స్ దాకా కనీస కరెంటు ఉంటుంది. అందుకే 80 హద్దు పెట్టి సగం తొక్కితే సరిగ్గా 40 వస్తుందని లెక్క వేసుకోకండి. కనీసం 10 ఉన్న మిషన్‌లో అది 45కి దగ్గరగా ఉంటుంది. పొటెన్షియోమీటర్ రెండు చివర్లా కదిలినా మార్పు లేని కొద్ది మేర కూడా ఉంటుంది.

మీ మిషన్ అంకె ఏ రకమో తేల్చుకోండి

దీనికి పుస్తకం వెతకక్కరలేదు. ఒక ముక్క ప్లేటు, ఒక సెల్‌ఫోన్ చాలు.

1. 3 మి.మీ. ఎంఎస్ (మైల్డ్ స్టీల్, మామూలు ఇనుము) ప్లేటు ముక్కని తుప్పు, పెయింటు లేకుండా గ్రైండ్ చేసుకోండి. మిషన్‌ని డీసీలో, టార్చిని మైనస్‌లో పెట్టండి. పల్స్ (కరెంటు దానంతటదే పెరిగి తగ్గే సెట్టింగు) ఆపేయండి. టంగ్‌స్టన్, అంటే టార్చి కొసన ఆర్క్ పుట్టే కడ్డీ, 2.4 మి.మీ.ది సరిపోతుంది.

2. పెడల్ ప్లగ్ లేకుండా ప్యానెల్ మీద 100 పెట్టండి. మిషన్ ఆఫ్ చేసి పెడల్ ప్లగ్ పెట్టి మళ్లీ ఆన్ చేయండి. అంకె 100 దగ్గరే ఉందా, మారిందా? ఇప్పుడు నాబ్ తిప్పితే అంకె కదులుతోందా? కదలకపోతే మీ మిషన్‌లో పెత్తనం పెడల్‌కి పోయిందన్నమాట, పెడల్ పక్కన నాబ్ కోసం చూడండి.

3. సెల్‌ఫోన్‌ని ప్యానెల్ ఎదురుగా దేనికైనా ఆనించి వీడియో పెట్టండి. హెల్మెట్ లోపలున్న మీకు అంకె కనిపించదు. పక్కన కుర్రాణ్ని నిలబెట్టి చదవమంటే ఆర్క్ వెలుగు వాడి కళ్లలో పడుతుంది. ఫోన్ అయితే ఆ గొడవ లేదు.

4. ఆర్క్ కొట్టి పెడల్‌ని అతి తక్కువ దగ్గర ఆపి "తక్కువ" అని గట్టిగా అనండి. సగానికి తొక్కి "సగం", అడుగంటా తొక్కి "ఫుల్" అనండి. ఒక్కోచోట మూడు నాలుగు సెకన్లు ఉండండి. తరువాత మెల్లగా వదిలేయండి.

5. ఆర్క్ ఆరాక ఐదారు సెకన్లు వీడియో అలాగే నడవనివ్వండి.

ఇక వీడియో చూడండి. మీరు "తక్కువ" అన్నప్పుడు కూడా 100 అలాగే ఉంటే అది పెట్టిన అంకె మాత్రమే చూపించే మిషన్. వెల్డింగ్ జరిగినంతసేపూ ఆ అంకెని పట్టించుకోనక్కరలేదు. "తక్కువ" అన్నప్పుడు 10, "సగం" అన్నప్పుడు 50 చిల్లర, "ఫుల్" అన్నప్పుడు 100 చూపిస్తే అది పారుతున్న కరెంటు చూపించే మిషన్. ఊరికే ఉన్నప్పుడు హద్దుని, ఆర్క్ ఉన్నప్పుడు అసలు కరెంటుని చూపిస్తుంది. మొదట చెప్పిన "10కి పడిపోయింది" ఫిర్యాదు ఇలాంటి మిషన్ మీదే. ఆర్క్ ఆరాక కూడా ఏదో అంకె కొన్ని సెకన్లు నిలిచి, తరువాత మళ్లీ 100కి వస్తే మీ మిషన్‌లో హోల్డ్ సదుపాయం ఉంది. అది ఉంటే అదృష్టమే. అతుకు పూర్తయ్యాక హెల్మెట్ ఎత్తి, ఎంత కరెంటుతో చేశారో తీరిగ్గా చూసుకోవచ్చు. ఒకటి గమనించండి. కాలు మెల్లగా ఎత్తుతూ ముగిస్తే కొన్ని మిషన్లలో ఆ చివరి చిన్న అంకే నిలుస్తుంది.

కొన్ని మిషన్లలో ఆర్క్ వెలిగాక అంకె ఆంప్స్‌కీ వోల్టులకీ మారుతూ ఉంటుంది, లేదా రెండు డిస్‌ప్లేలు ఉంటాయి. 12, 13, 14 లాంటి అంకె కనిపిస్తే కరెంటు పడిపోయిందని కంగారు పడకండి, అది వోల్టేజ్. టిగ్‌లో 100 ఆంప్స్ దగ్గర 14 వోల్టులు మామూలే. మిషన్ల రేటింగుకి వాడే లెక్క ప్రకారం పదికి ఆంప్స్‌లో నూటికి నాలుగు వంతులు కలిపితే వచ్చేది అదే. పల్స్ ఆన్‌లో ఉంటే అంకె గంతులు వేస్తుంది, అప్పుడు దాన్ని చదివి లాభం లేదు.

తేలిన సంగతిని తెల్ల టేపు మీద మార్కర్‌తో రాసి ప్యానెల్ పక్కన అంటించండి: "పెడల్ ఉంటే అంకె = హద్దు" అనో, "అంకె = పారే కరెంటు" అనో. షాపులో ఇద్దరు ముగ్గురు ఒకే మిషన్ వాడేచోట ఈ టేపు ముక్క చాలా గొడవలు ఆపుతుంది.

పెడల్ పెట్టే ముందు ప్యానెల్ మీద మార్చాల్సినవి

టార్చి బటన్‌తో పనిచేసేవాళ్ల సెట్టింగులు పెడల్‌కి పనికిరావు. ముందు 4టీ (బటన్ నొక్కి వదిలినా ఆర్క్ నిలిచే పద్ధతి) నుంచి 2టీకి (నొక్కినంతసేపే ఆర్క్ ఉండే పద్ధతి) మార్చండి. 4టీలో ఉంచితే కాలు ఎత్తాక కూడా ఆర్క్ ఆరకపోవచ్చు. పెడల్‌కి విడిగా గుర్తు ఉన్న మిషన్ అయితే అది ఎంచుకోండి. కొన్ని మిషన్లలో ప్లగ్ పెట్టినంత మాత్రాన చాలదు, ఆ గుర్తు మీదికి లైటు తెచ్చేదాకా పెడల్‌కి స్విచ్ పని తప్ప కరెంటు పని ఇవ్వదు.

అప్ స్లోప్, డౌన్ స్లోప్ రెండూ సున్నా చేయండి. కరెంటు మెల్లగా పెంచడం, మెల్లగా దించడం ఇక మీ కాలి పని. డౌన్ స్లోప్ 5 సెకన్లు అని పాత సెట్టింగు వదిలేస్తే కాలు పూర్తిగా ఎత్తాక కూడా ఆర్క్ మండుతూనే ఉంటుంది. అప్పుడు తిట్లు పెడల్‌కి పడతాయి.

ప్రీ ఫ్లో, అంటే ఆర్క్‌కి ముందు వచ్చే గ్యాస్, అర సెకను చాలు. పోస్ట్ ఫ్లోని మాత్రం పిసినారితనంతో తగ్గించకండి. ప్రతి 10 ఆంప్స్‌కి ఒక సెకను అని మోటు లెక్క. 60 ఆంప్స్‌తో చేస్తే ఆరు సెకన్లు. ఆర్గాన్ సిలిండర్ ధర గుర్తొచ్చి రెండు సెకన్లకి దించితే టంగ్‌స్టన్ నీలం రంగు తిరుగుతుంది, మళ్లీ గ్రైండ్ చేయాలి. మిగిల్చిన గ్యాస్ కంటే అదే ఎక్కువ ఖర్చు. గ్యాస్ నిమిషానికి 6 నుంచి 10 లీటర్ల మధ్య ఉంచండి. కాలవ గట్టు మీదో చెరువు పక్కనో ఆరుబయట పని అయితే గాలికి అడ్డుగా రేకు పెట్టండి. గ్యాస్ పెంచినంత మాత్రాన గాలికి నిలవదు.

హద్దు ఎంత పెట్టాలి

పనికి కావాల్సిన కరెంటు కంటే మూడో వంతు ఎక్కువ పెట్టండి. పని ఎక్కువసేపు పెడల్ మధ్య భాగంలో నడవాలి. పైన కొంత నిల్వ ఉండాలి, ఎందుకంటే మందపాటి ముక్క దగ్గరికి వచ్చినప్పుడు, చల్లని షీటు మీద మొదలుపెట్టినప్పుడు ఆ అదనం అవసరం పడుతుంది. మరీ ఎక్కువ పెడితే పెడల్ చురుకైపోతుంది, కాలు వణికినా మడుగు ఉబుకుతుంది.

మడుగు అంటే టార్చి కింద కరిగి మెరుస్తూ చేరే లోహం. పెడల్ పనిలో కళ్లు ఉండాల్సింది అక్కడే.

ఎస్ఎస్ షీటుకి కావాల్సిన కరెంటు సుమారుగా ఇలా ఉంటుంది: 18 గేజి, అంటే దాదాపు 1.2 మి.మీ. అయితే 35 నుంచి 50 ఆంప్స్. 16 గేజి, అంటే 1.6 మి.మీ. అయితే 50 నుంచి 70. 3 మి.మీ. అయితే 90 నుంచి 120. ఎంఎస్‌కి కాస్త ఎక్కువ పడుతుంది, మి.మీ.కి 40 ఆంప్స్ అన్న లెక్క దానికి బాగా సరిపోతుంది. మూల అతుక్కి తక్కువ, టీ అతుక్కి ఎక్కువ. అందుకే 16 గేజి టేబుల్ అంచుకి 85 హద్దు పెట్టి కూర్చుంటే హాయిగా ఉంటుంది.

హద్దుకి ఇంకో ఉపయోగం ఉంది. 1.6 మి.మీ. టంగ్‌స్టన్ డీసీలో 150 ఆంప్స్ దాకానే ఓర్చుకుంటుంది. హద్దు 85 దగ్గర ఉంటే కాలు జారి పెడల్ అడుగంటినా టంగ్‌స్టన్ కరిగి అతుకులో పడదు. ఎస్ఎస్‌లో పడిన టంగ్‌స్టన్ ముక్క పైకి కనిపించకపోవచ్చు కూడా.

ప్రాసెసింగ్ ప్లాంటు పనులు చేసేవాళ్లు కరెంటు విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. అక్కడ ఉప్పునీళ్లు, మంచు, క్లోరిన్ కలిపిన కడుగునీళ్లు రోజూ తగులుతాయి. కరెంటు ఎక్కువై అతుకు నల్లబడితే ముందుగా తుప్పు పట్టేది ఆ నలుపు పక్కనే. అతుకు మీద లేత ఎండుగడ్డి రంగు, బంగారు రంగు మంచివి. నీలం దాటి బూడిద రంగుకి వచ్చిందంటే వేడి మితిమీరింది, లేదా గ్యాస్ చాలలేదు. షీటు వెనకవైపు నల్లగా పటికబెల్లంలా గరుకుతేలితే అది గాలి తగిలి కాలిన లోహం. కరెంటు తగ్గించడంతోపాటు వెనక కూడా ఆర్గాన్ పెట్టాలి. 304 రకం ఎస్ఎస్‌కి 308ఎల్ ఫిల్లర్ (అతుకులో కరిగించి కలిపే తీగ), 316 రకానికి 316ఎల్ వాడండి. ఉప్పునీటి ఏరేటర్లకి 316 షాఫ్టు వేయించుకుని అతుకు దగ్గర 308ఎల్ వాడితే అంత డబ్బు పెట్టిన ఫలితం అక్కడే పోతుంది.

కాలు ఎలా పెట్టాలి

మడమ నేల మీదో పెడల్ అడుగు పట్టీ మీదో ఆని ఉండాలి. కదలాల్సింది పాదం ముందు భాగం ఒక్కటే. మోకాలితో తొక్కితే ఐదు ఆంప్స్ మార్పు మీ చేతిలో ఉండదు. హవాయి చెప్పులతో కూర్చునే అలవాటు మన దగ్గర జాస్తి, దాన్ని మానండి. చెప్పు పెడల్ మీద జారుతుంది, నిప్పురవ్వ పాదం మీద పడితే కాలు ఎగురుతుంది, దాంతోపాటు కరెంటూ ఎగురుతుంది. రబ్బరు అడుగున్న బూట్లు వేసుకోండి. వర్షాకాలంలో డెల్టా నేల ఆరడమంటూ ఉండదు కాబట్టి స్టూలు కిందా పెడల్ కిందా పొడి చెక్క వేసుకోండి. నీళ్లు నిలిచిన చోట పెడల్ పెట్టొద్దు, వైరు టేపు చుట్టినదైతే అసలే వద్దు.

టేబుల్ ఎత్తుకి తగ్గట్టు స్టూలు ఎత్తు సరిచేసుకోండి. మోచేయి ఆనకపోతే చేయి వణుకుతుంది, చేయి వణికితే కాలు కూడా బిగుసుకుంటుంది. పెడల్ జారిపోతుంటే కింద పాత ట్యూబు ముక్క వేయండి.

మేడమెట్ల రెయిలింగు, ఇంటి గేటు లాంటివి బిగించిన చోటే వెల్డింగ్ చేయాల్సి వస్తే పెడల్‌ని ఇంట్లో వదిలేయండి. నిచ్చెన మీద నిలబడి పెడల్ తొక్కేవాణ్ని నేను చూడలేదు. అక్కడ టార్చి మీద బొటనవేలితో తిప్పే చిన్న చక్రం మేలు, లేదంటే 4టీలో స్లోప్‌లు పెట్టుకుని చేయాలి.

మొదటి అతుకు

16 గేజి ఎస్ఎస్ ముక్కలు రెండు అంచులు కలిపి ట్యాక్ (కదలకుండా అక్కడక్కడ చిన్న చుక్క అతుకు) వేసుకోండి. హద్దు 85. టార్చిని అతుకు మొదట్లో రెండు మి.మీ. ఎత్తున నిలిపి, పెడల్‌ని టక్ దాకా మాత్రం తొక్కండి. ఆర్క్ సన్నగా వెలుగుతుంది, లోహం కరగదు. తొందరపడకండి, చూపు కుదుర్చుకోవడానికి ఆ సమయం కావాలి. తరువాత మెల్లగా దించండి. రెండు అంచులూ విడివిడిగా చెమర్చినట్టు మెరుస్తాయి, ఇంకొంచెం దించితే రెండు మెరుపులూ కలిసి ఒక మడుగు అవుతాయి. కలిసిన క్షణాన కాలుని కొంచెం వెనక్కి తేవాలి. ఈ వెనక్కి తేవడమే కొత్తవాళ్లకి అలవడనిది. మడుగు ఏర్పడటానికి కావాల్సిన కరెంటు కంటే దాన్ని నిలబెట్టడానికి తక్కువ చాలు.

మడుగు వెడల్పు షీటు మందానికి రెండు మూడు రెట్లు మించకుండా చూస్తూ కదలండి. ఫిల్లర్ అద్దినప్పుడు మడుగు చల్లబడి చిన్నదవుతుంది, అప్పుడు కాలు ఒక పిసరు దిగాలి. అతుకు సగం దాటేసరికి షీటు అంతా వేడెక్కి ఉంటుంది, మొదట్లో 60 అడిగిన చోటే ఇప్పుడు 50 చాలు. ప్యానెల్ అంకె 85 అని చూపిస్తూ ఉంటుంది, లేదా 50 చూపిస్తుంది. మీరు చూడాల్సింది మడుగుని.

అంచు దగ్గరికి వచ్చేసరికి వేడి పారిపోవడానికి ముందు లోహం ఉండదు. చివరి పది మి.మీ.లో కాలు తగ్గుతూ రావాలి. ఆఖర్న ఒక చుక్క ఫిల్లర్ అద్ది, మడుగు కుంచించుకుపోయేలా రెండు మూడు సెకన్లలో మెల్లగా టక్ దాకా ఎత్తండి. ఒక్కసారిగా ఎత్తేస్తే మధ్యలో గుంట పడి, అందులోంచి సన్నని పగులు మొదలవుతుంది. ఆర్క్ ఆరాక టార్చిని అక్కడే ఉంచండి, గ్యాస్ ఆగేదాకా.

మొదట ఫిల్లర్ లేకుండానే ఇలా నాలుగు గీతలు గీయండి. హోల్డ్ అంకె ఉన్న మిషన్ అయితే ఆఖరి గీతని మాత్రం కాలు తగ్గించకుండా మధ్యలో ఆపి, ఎంత కరెంటు వాడుతున్నారో చూసుకోండి. ఆ అంకెకి మూడో వంతు కలిపితే రేపటి పనికి హద్దు తేలిపోతుంది.

అల్యూమినియం అయితే ఏసీలో పెట్టాలి. పైన ఉండే ఆక్సైడ్ పొర దాదాపు 2,050 డిగ్రీల దాకా కరగదు, లోపలి లోహం 660కే కరుగుతుంది. అందుకని మొదట పూర్తిగా తొక్కి త్వరగా మడుగు తెచ్చుకుని, ఆ వెంటనే గట్టిగా వెనక్కి తేవాలి. పంపు కేసింగ్ లాంటి మందపాటి పోత వస్తువుకి హద్దు 150 పైన పెట్టినా మొదట్లో చాలదనిపిస్తుంది, ఐదు నిమిషాల తరువాత అదే ఎక్కువవుతుంది. పెడల్ విలువ తెలిసేది ఇక్కడే.

అంకెకీ ఆర్క్‌కీ పొత్తు కుదరకపోతే

అంకె 80 అంటోంది, మడుగు మాత్రం 50కి వచ్చినట్టు బద్ధకంగా ఉంది. మిషన్‌ని అనుమానించే ముందు ఎర్త్ క్లాంపు చూడండి. ఉప్పుగాలికి రాగి తీగ పచ్చబడి, క్లాంపు పళ్లు తుప్పుపట్టి ఉంటాయి. తరువాత టంగ్‌స్టన్ మొన చూడండి, మొద్దుబారితే ఆర్క్ చెదిరిపోతుంది. ఆ తరువాత లైను వోల్టేజ్ చూడండి. చెరువుల దగ్గర పొడుగు ఎక్స్‌టెన్షన్ వైర్లతో, జనరేటర్‌తో పనిచేస్తే ఇది ముఖ్యం. 200 ఆంప్స్ ఇచ్చే సింగిల్ ఫేజ్ మిషన్ పూర్తి కరెంటు దగ్గర 6 కేవీఏ దాకా లాగుతుంది. చిన్న జనరేటర్ మీద 60 ఆంప్స్ పని బాగానే సాగి, 150 అడిగేసరికి ఆర్క్ తడబడితే తప్పు పెడల్‌ది కాదు.

అప్పటికీ అనుమానం పోకపోతే ఎర్త్ కేబుల్‌కి డీసీ క్లాంప్ మీటర్ తగిలించి కొలవండి. ఎలక్ట్రీషియన్ల దగ్గర సాధారణంగా ఉండేది ఏసీకి మాత్రమే పనిచేస్తుంది, డీసీ కొలిచేదే కావాలి. కొలిచే ముందు దాన్ని సున్నా చేసుకోండి. మిషన్‌ని హెచ్ఎఫ్ (తాకకుండానే హై ఫ్రీక్వెన్సీ స్పార్క్‌తో ఆర్క్ వెలిగించేది) బదులు లిఫ్ట్ స్టార్ట్‌లో (టంగ్‌స్టన్ తాకించి ఎత్తి వెలిగించేది) పెట్టండి, హెచ్ఎఫ్ మీటర్ సర్క్యూట్‌కి చేటు చేయగలదు. రెండు మూడు ఆంప్స్ తేడా ఉంటే వదిలేయండి. ఇరవై తేడా ఉంటే మెకానిక్‌కి చూపించండి.

మే నెలలో రేకుల షెడ్డులో మిషన్ మధ్యలో ఆగి వేడి లైటు వెలిగితే హద్దు తగ్గించి లాభం లేదు. మిషన్ వేడెక్కేది మీ కాలు లాగిన కరెంటుకి, ప్యానెల్ మీది అంకెకి కాదు. నేమ్ ప్లేటు మీద 35 శాతం అని ఉంటే పది నిమిషాల్లో మూడున్నర నిమిషాలే ఆ పూర్తి కరెంటు వాడాలని, అదీ 40 డిగ్రీల గాలిలో లెక్క. 100 శాతం ఎదురుగా రాసిన ఆంప్స్ లోపల పనిచేస్తే ఆగాల్సిన పని ఉండదు. ఫ్యాన్ తిరగనిచ్చి ఆగండి, స్విచ్ ఆఫ్ చేయొద్దు.

పెడల్ మొరాయిస్తే

ఒకే చోటికి రాగానే కరెంటు గంతేస్తోందంటే పొటెన్షియోమీటర్ లోపల పట్టీ అరిగింది, లేదా తేమ చేరింది. పెడల్ ప్లగ్ తీసి, మల్టీమీటర్‌ని ఓమ్స్‌లో పెట్టి, పొటెన్షియోమీటర్ మధ్య కాలికీ పక్క కాలికీ తగిలించండి. పెడల్ మెల్లగా నొక్కుతుంటే అంకె సాఫీగా పెరగాలి లేదా తగ్గాలి. మధ్యలో ఎగిరి పడితే మార్చేయండి. ధర తక్కువే, కానీ విలువ అదే ఉండాలి. 10 కిలో ఓమ్స్ చోట 47 వేస్తే కరెంటు అంతా పెడల్ ఒక చివరికే గుమిగూడుతుంది. తొక్కితే ఏమీ జరగకపోతే మైక్రో స్విచ్‌ని మల్టీమీటర్ బీప్‌తో చూడండి. కాలు ఎత్తినా ఆర్క్ ఆరకపోతే ముందు 2టీ, 4టీ చూసి, ఆ తరువాతే స్విచ్ విప్పండి.

విడిగా పెడల్ కొనేటప్పుడు ప్లగ్ ఆకారం కుదిరిందని తెచ్చుకోకండి. ఐదు పిన్నుల ప్లగ్గులు రెండు ఒకేలా ఉన్నా లోపలి వైర్ల వరుస వేరుగా ఉండొచ్చు. స్విచ్ ఏ పిన్నులకి, పొటెన్షియోమీటర్ ఏ పిన్నులకి, ఎన్ని ఓమ్స్ అన్న మూడూ మిషన్ కాగితంలో చూసి, పెడల్ అమ్మేవాడి చేత రాయించుకోండి. అతను చెప్పలేకపోతే ఇంకో షాపు చూడండి.

రోజు పని అయ్యాక పెడల్‌ని నేల మీద వదలకుండా గోడకి మేకు కొట్టి తగిలించండి, వైరుని వదులుగా చుట్టి. ఎలుకలు వైరు కొరకవు, గ్రైండింగ్ పొడి లోపలికి చేరదు, పొద్దున షెడ్డు కడిగినా తడవదు.